గుండె రక్తనాళాల్లో బ్లాక్ ఉన్నవాళ్ళు తిండి, అలవాట్లు మార్చుకోవడం ఎలా?

"ఏం తింటే బ్లాక్ కరుగుతుంది?" గుండె జబ్బు మాట వచ్చిన ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. యాంజియోగ్రామ్‌లో బ్లాక్ ఉందని తేలినవాళ్ళు అడుగుతారు, స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతారు, ఇంట్లో ఒకరికి గుండెపోటు వచ్చాక భయపడిపోయిన మిగతావాళ్ళూ అడుగుతారు. ఒక గింజో, పండో, కషాయమో పేరు చెబితే చాలని వాళ్ళ ఆశ. అలాంటి పదార్థం ఏదీ లేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

అంతమాత్రాన తిండి వల్ల ఒరిగేదేమీ లేదనుకోకండి. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. మొదటిసారి వచ్చే గుండెపోట్ల ముప్పులో సుమారు 90 శాతం తొమ్మిది కారణాల లెక్కలోకే వస్తుందని అందులో తేలింది. అవి: కొలెస్ట్రాల్ తేడాలు, పొగ, షుగర్, బీపీ, పొట్ట దగ్గర కొవ్వు, మానసిక ఒత్తిడి, పళ్ళూ కూరగాయలూ తక్కువగా తినడం, ఒంటికి శ్రమ లేకపోవడం, మద్యం విషయంలో అలవాట్లు. వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

సిద్ధాంతం ఇంతే తెలుసుకుంటే చాలు. గుండెకు రక్తం తీసుకెళ్ళే కరోనరీ ధమనుల గోడల్లోకి ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ చేరి, ఏళ్ళ తరబడి పేరుకుని, పూడికలా తయారవుతుంది. చాలా గుండెపోట్లు ఈ పూడిక పైపొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. స్టెంట్ ఆ ఒక్క చోట దారి తెరుస్తుంది, మిగతా గోడలన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. అందుకే మన పని బ్లాక్‌ని కరిగించడం కాదు. కొత్త కొవ్వు చేరకుండా చూడాలి, ఉన్న పూడిక చిట్లకుండా గట్టిపడేలా చేయాలి.

మొదలుపెట్టే ముందు

ఛాతీలో బరువు, నొక్కేసినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఉన్నట్టుండి ఆయాసం, ఇవి వస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. మీరే బండి నడుపుకుంటూ వెళ్ళకండి. ఆడవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు, పెద్ద వయసు వాళ్ళకు నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు. ఆయాసం, వికారం, ఎప్పుడూ లేనంత నీరసం మాత్రమే ఉండొచ్చు. గ్యాస్ అనుకుని గంటలు గడపకండి.

ఇక్కడ చెప్పేదంతా మందులతో పాటు చేసుకోవాల్సింది. మందులు మానేసి చేసేది కాదు.

కావలసినవి

- ఈమధ్య చేయించిన లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్, కొవ్వుల పరీక్ష), షుగర్ పరీక్ష, కిడ్నీ పరీక్ష రిపోర్టులు
- భుజానికి చుట్టే పట్టీ ఉన్న బీపీ మిషన్ (మణికట్టుకి పెట్టుకునేవి అంత నమ్మకం కాదు)
- కొలత టేపు, కొలత చెంచాలు
- ఒక నోటుబుక్
- మీరు వాడుతున్న మందులన్నిటి జాబితా, మీ అంతట మీరు కొనుక్కున్న మాత్రలతో సహా
- గుండెపోటు వచ్చి గానీ, స్టెంట్, బైపాస్ అయ్యి గానీ ఉంటే, ఎంత వ్యాయామం చేయొచ్చో చెప్పిన డాక్టర్ మాట

1. మీ అంకెలు రాసుకోండి

నోటుబుక్ మొదటి పేజీలో తేదీ వేసి ఇవి రాయండి: ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు), హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), బీపీ, బరువు, నడుము చుట్టుకొలత. ఎదురుగా మీరు చేరాల్సిన అంకె రాయండి. కరోనరీ జబ్బు ఉన్నట్టు తేలినవాళ్ళకు ఎల్‌డీఎల్ కనీసం 70 మి.గ్రా. లోపు ఉండాలంటారు. యూరప్ మార్గదర్శకాలైతే 55 లోపే ఉండాలంటాయి. బీపీ చాలామందికి 130/80 లోపు. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ ఎక్కువమందికి 7 శాతం లోపు. మీ వయసునీ ఇతర జబ్బుల్నీ బట్టి ఇవి మారతాయి కాబట్టి మీ లక్ష్యాన్ని డాక్టర్‌నే అడిగి రాసుకోండి.

ల్యాబ్ రిపోర్టులో "నార్మల్" అని ఉంది కదా అని ఊరుకోకండి. అక్కడ అచ్చు వేసే హద్దులు ఏ జబ్బూ లేనివాళ్ళ కోసం. 110 ఎల్‌డీఎల్ వాళ్ళకు ఫర్వాలేదు, మీకు ఎక్కువ.

నడుము కొలిచేటప్పుడు ప్యాంటు కట్టుకునే చోట కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవండి. ఆసియా జాతుల వాళ్ళకు మగవాళ్ళలో 90 సెం.మీ., ఆడవాళ్ళలో 80 సెం.మీ. దాటితే ముప్పు పెరిగినట్టు. మిగతావాళ్ళకు ఈ హద్దు కొంచెం ఎక్కువ.

2. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

రెండు పని రోజులు, ఒక సెలవు రోజు. తిన్నదీ తాగిందీ అంతా రాయండి. మధ్యలో నోట్లో వేసుకున్న గుప్పెడు చిరుతిండి కూడా. వంటనూనె సీసా మీద పెన్నుతో గీత గీసి తేదీ వేయండి. వారం తర్వాత ఎంత దిగిందో చూసి ఇంట్లో మనుషుల సంఖ్యతో, రోజులతో భాగించండి. ఒక పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 14 గ్రాములు, 120 క్యాలరీలు. "మేం నూనె తక్కువే వాడతాం" అనే ఇళ్ళలో చాలామందికి ఈ గీత చూశాకే అసలు లెక్క తెలుస్తుంది.

ఈ పని వదిలేసి నేరుగా డైట్ చార్టు మొదలుపెట్టకండి. మీ అసలు లోపం ఉప్పు కావచ్చు, పొరుగువారిది చక్కెర కావచ్చు. ఇద్దరూ ఒకే చార్టు పాటిస్తే ఒకరికి పని జరగదు.

3. పొగాకు ఉంటే ముందు అదే

తిండి సంగతి తర్వాత. సిగరెట్ మానడం కన్నా పెద్ద లాభం ఇచ్చే మార్పు ఇంకేదీ లేదు. తగ్గించాను కదా అనుకోవడం ఇక్కడ పనికిరాదు. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవాళ్ళకు పెరిగే గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం మీకూ ఉంటుందని 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధనలో తేలింది. పూర్తిగా మానితే ఏడాదిలో ఆ అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. నమిలే పొగాకునూ మానాల్సిందే.

ఒంటరిగా తంటాలు పడకండి. నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్, మాత్రలు ఉన్నాయి. గుండె జబ్బు నిలకడగా ఉన్నవాళ్ళు డాక్టర్ సలహాతో వాడుకోవచ్చు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే ఇంటి బయటికెళ్ళి తాగమనండి. పక్కవాళ్ళ పొగ పీల్చినా, పొగ తాగని మనిషికి గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుంది.

4. కొవ్వు తీసేయకండి, మార్చండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

డాక్టర్ "కొవ్వు తగ్గించండి" అనగానే నూనె, గుడ్డు, గింజలు అన్నీ ఆపేస్తారు. కడుపు నిండదు. ఆ ఖాళీని బిస్కెట్లతో, బ్రెడ్డుతో, తెల్లటి పాలిష్ ధాన్యాలతో, పళ్ళ రసాలతో నింపుతారు. మూడు నెలల తర్వాత చూస్తే ఎల్‌డీఎల్ కొద్దిగా తగ్గి ఉంటుంది, ట్రైగ్లిజరైడ్లు మాత్రం ఎగబాకి, మంచిదనే హెచ్‌డీఎల్ పడిపోయి ఉంటుంది. "అంత కట్టుదిట్టంగా ఉన్నాను, ఏం లాభం" అని నిరాశపడి అన్నీ వదిలేస్తారు. లోపం వాళ్ళ పట్టుదలలో లేదు. ఏం తీసేశారన్నది ఎంత ముఖ్యమో, దాని చోట ఏం పెట్టారన్నదీ అంతే ముఖ్యం. వెన్న, నెయ్యి లాంటివాటిలో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వును తీసి దాని బదులు అసంతృప్త నూనెలు, గింజలు పెడితే గుండెకు మేలు. మైదా, చక్కెర పెడితే మేలు కనబడదు.

మార్చాల్సినవి ఇలా:

- వెన్న, నెయ్యి, పామాయిల్, కొబ్బరి నూనె బదులు ఆవ, సోయా, పొద్దుతిరుగుడు, ఆలివ్, వేరుశనగ నూనెల్లో మీకు అలవాటైనది. కొబ్బరి నూనె గుండెకు మంచిదని చాలా ప్రచారం ఉంది, కానీ అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది.
- మేక, పంది, గొడ్డు మాంసం, సాసేజ్‌ల వంటివాటి బదులు చేపలు, చర్మం తీసిన కోడి, పప్పుధాన్యాలు, చిక్కుడు జాతి గింజలు. చేపలు వారానికి రెండుసార్లు తింటే బాగుంటుంది, వేపుడు మాత్రం కాదు. శాకాహారులకు అక్రోట్లు, అవిసెలు ఉన్నాయి.
- మీగడ పాలు, చీజ్ బదులు వెన్న తీసిన పాలు, పెరుగు.
- చిరుతిళ్ళ బదులు ఉప్పు వేయని బాదం, అక్రోట్, వేరుశనగ. రోజుకు గుప్పెడు, అంటే 30 గ్రాములు. వీటితోనూ బరువు పెరుగుతారు, డబ్బా పక్కన పెట్టుకుని కూర్చోకండి.

ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే కొవ్వు) మాత్రం పూర్తిగా వదిలేయాలి. ప్యాకెట్ మీద పదార్థాల జాబితాలో "పార్షియల్లీ హైడ్రోజనేటెడ్" అన్న మాట కనిపిస్తే వెనక్కి పెట్టేయండి. ముందువైపు "జీరో ట్రాన్స్ ఫ్యాట్" అని పెద్దక్షరాల్లో ఉన్నా వెనక జాబితా చదవండి. ఒక్కో విడతలో అర గ్రాము కన్నా తక్కువ ఉంటే సున్నా అని రాయనిచ్చే చట్టాలు కొన్నిచోట్ల ఉన్నాయి. ఒకసారి వేపుడుకు వాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించకండి.

5. పీచు పెంచండి

పళ్ళు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు, పీచు కనీసం 25 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లెక్కలు వద్దనుకుంటే పళ్ళెం చూసుకోండి. సగం కూరగాయలు, పావు ముడి ధాన్యం, పావు పప్పో చేపో. బంగాళాదుంపను కూరగాయల సగంలో కలపకండి.

ఎల్‌డీఎల్ తగ్గించే పని ముఖ్యంగా నీటిలో కరిగే పీచుది. ఓట్స్, బార్లీ, చిక్కుళ్ళు, పప్పులు, ఆపిల్, ఇసబ్గోల్‌లో ఇది ఉంటుంది. పొడి ఓట్స్ రోజుకు 60-80 గ్రాములు తింటే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. చిన్న అంకెలా కనబడినా, మందులు చేసే పనికి ఇది తోడవుతుంది. పండు రసం తీయకుండా పండుగానే తినండి.

మూడు జాగ్రత్తలు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, రెండు మూడు వారాలు పట్టనివ్వండి. ఇసబ్గోల్ నిండు గ్లాసు నీళ్ళతో, మాత్రలకు రెండు గంటల ఎడంగా వేసుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్ళు ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచకూడదు, తగ్గించకూడదు. ఏ వారమైనా ఒకే మోతాదులో తినాలి.

6. ఉప్పు: ప్యాకెట్ వెనక్కి తిప్పండి

రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా నిండుకు కాస్త తక్కువ. లేబుల్ మీద ఉప్పు అని కాకుండా సోడియం అని ఉంటుంది. సోడియంని 2.5తో గుణిస్తే ఉప్పు. ఒక ప్యాకెట్ మీద 100 గ్రాములకు 800 మి.గ్రా. సోడియం అని ఉందనుకోండి. మీరు తినేది 50 గ్రాములు. అంటే 400 మి.గ్రా. సోడియం, 1 గ్రాము ఉప్పు. భోజనానికి ముందే రోజు వాటాలో ఐదో వంతు అయిపోయింది. ఒక నెలపాటు కొన్న ప్రతి ప్యాకెట్‌కీ ఈ లెక్క వేయండి. తర్వాత చూడగానే తెలిసిపోతుంది.

వంటలో ఉప్పు ఒకేసారి సగానికి తగ్గిస్తే ఇంట్లో ఎవరూ తినరు. ప్రతి వారం కొంచెం కొంచెం తగ్గించండి, కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి ఆ లోటు తెలియనివ్వవు. బల్ల మీద ఉప్పు డబ్బా పెట్టకండి.

పొటాషియం కలిపిన ఉప్పు బీపీ తగ్గించడానికి మంచి ప్రత్యామ్నాయమే. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. పొటాషియం పెరిగిపోతే గుండె లయ తప్పుతుంది. రాతి ఉప్పు, గులాబి ఉప్పు, సముద్రపు ఉప్పు, ఏదైనా సోడియమే.

7. నడక

లక్ష్యం వారానికి 150 నిమిషాలు. మొదలు మాత్రం రోజుకు 10 నిమిషాలు చాలు. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. వేగం సరిపోయిందో లేదో చూడటానికి తేలికైన గుర్తు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట కూడా రాకపోతే వేగం తగ్గించండి. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళకు గుండె వేగం పెద్దగా పెరగదు. వాళ్ళు చేతి వాచీ చూపించే "టార్గెట్ హార్ట్ రేట్" అందుకోవాలని పరిగెత్తకూడదు.

మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి. భోజనం చేసిన వెంటనే, గడ్డకట్టే చలిలో, మండే ఎండలో వద్దు. ఛాతీ పట్టేసినట్టున్నా, తల తిరిగినా ఆగిపోండి. గత వారం వరకు రాని నొప్పి ఈ వారం అదే దూరానికి వస్తోందంటే, లేదా కూర్చున్నా వస్తోందంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

మోకాళ్ళ నొప్పులుంటే సైకిల్, ఈత. వారానికి రెండు రోజులు తేలికపాటి బరువులు, ఊపిరి బిగబట్టకుండా. బైపాస్ అయినవాళ్ళు రొమ్ము ఎముక అతుక్కునేదాకా బరువులు ఎత్తకూడదు, ఆ గడువు సర్జన్ చెబుతారు. దగ్గరలో కార్డియాక్ రిహాబ్ (గుండె రోగులకు వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కేంద్రం) ఉంటే తప్పక చేరండి. పర్యవేక్షణలో చేసే వ్యాయామం భయాన్ని కూడా పోగొడుతుంది.

8. నిద్ర, టెన్షన్, మద్యం

ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్ళు గమనిస్తే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి, అది బీపీని పెంచుతుంది. గుండెపోటు తర్వాత దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం చాలామందికి వస్తుంది. రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌తో చెప్పండి. దిగులులో ఉన్న మనిషి నడవడు, మందులు మరిచిపోతాడు. మద్యం అలవాటు లేకపోతే గుండె కోసమని మొదలుపెట్టకండి.

9. మందులు వేసుకుంటూనే ఉండండి

రిపోర్టు బాగుందని, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. రిపోర్టు బాగుండటానికి కారణమే ఆ మాత్ర. ఎల్‌డీఎల్ 39 మి.గ్రా. తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ముప్పులు ఐదో వంతుకు పైగా తగ్గుతాయి. అంత తగ్గుదల చాలామందికి తిండి ఒక్కదానితో రాదు. కండరాల నొప్పులొస్తే మీకు మీరే ఆపకుండా డాక్టర్‌తో చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. స్టెంట్ వేసుకున్నవాళ్ళు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి పన్ను పీకించుకోవడానికి కూడా సొంతంగా ఆపకూడదు. స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవాళ్ళు, అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలు వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. అడగడానికి మొహమాటపడే విషయం కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

10. మూడు నెలలకు మళ్ళీ కొలవండి

లిపిడ్ పరీక్ష వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. గుండెపోటు వచ్చిన తర్వాతి రోజుల్లో, జ్వరంలో చేసిన పరీక్షలో ఎల్‌డీఎల్ అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, దాన్ని ఆధారం చేసుకోకండి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవాళ్ళు పరగడుపున ఇవ్వాలి.

బీపీ ఇంట్లో ఇలా చూడండి. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. మాట్లాడుతూ చూసుకున్న అంకె నమ్మకండి. ఒక్కరోజు అంకెకు కంగారుపడి మందు మార్చకుండా, వారం రోజుల సగటు డాక్టర్‌కి చూపించండి.

అంకెలు కదలకపోతే ఈ వరసలో వెతకండి. ముందు మాత్రలు ఎన్ని రోజులు తప్పాయో లెక్కపెట్టండి. తర్వాత నూనె సీసా గీత మళ్ళీ చూడండి. వడకట్టకుండా మరిగించిన కాఫీ ఎక్కువగా తాగుతుంటే అదీ ఎల్‌డీఎల్ పెంచుతుంది, ఫిల్టర్ కాగితంతో వడకట్టుకోండి. ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉంటే థైరాయిడ్ పరీక్ష అడగండి. థైరాయిడ్ పనితనం తగ్గినా అది పెరుగుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఎల్‌డీఎల్ 190 దాటే ఉంటే, లేదా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే అది వంశపారంపర్యం కావచ్చు. లైపోప్రొటీన్-ఏ అనే కొవ్వు కూడా పుట్టుకతో వచ్చేదే. తిండి మార్చినా అది పెద్దగా తగ్గదు. జీవితంలో ఒక్కసారి ఆ పరీక్ష చేయించుకుంటే చాలు. అలాంటప్పుడు మీ క్రమశిక్షణను తప్పుపట్టుకోకుండా మందులు పెంచమని డాక్టర్‌ని అడగండి. మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు కూడా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. వాళ్ళలో ఎవరికైనా ఇదే సమస్య ఉంటే, పూడిక పేరుకోకముందే వైద్యం మొదలుపెట్టవచ్చు.